టైటాన్ ఎడ్జ్: జెర్క్సెస్ దేశాయ్ పట్టుబట్టి చేయించిన 3.5 మిల్లీమీటర్లు

నాలుగు ఏటీఎం కార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఇంకో అర కార్డు మందం ఉందనుకోండి. ఒక్కో కార్డు 0.76 మిల్లీమీటర్లు కాబట్టి మొత్తం 3.5కి దగ్గరగా వస్తుంది. 2002లో వచ్చిన మొదటి టైటాన్ ఎడ్జ్ వాచీ మందం అంతే. గాజు, డయలు, ముళ్లు, యంత్రం, సెల్లు, వెనక మూత అన్నీ అందులోనే. యంత్రం ఒక్కదాన్నీ విడిగా కొలిస్తే 1.15 మిల్లీమీటర్లు, సరిగ్గా కార్డున్నర. చేతికి పెట్టుకుని చొక్కా చెయ్యి కిందికి లాగితే ఎక్కడా ఉబ్బు తెలియదు. ఈ వాచీ కొనాలనుకునేవాళ్లు ముందుగా చూడాల్సింది ఈ కొలతలనే. దీని మంచీ చెడూ రెండూ వీటి నుంచే పుట్టాయి.

ఈ కొలత మీద పట్టుబట్టింది టైటాన్ మొదటి మేనేజింగ్ డైరెక్టర్ జెర్క్సెస్ దేశాయ్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1961లో టాటా గ్రూపు తన కంపెనీలకు అధికారులను తయారుచేసుకునే టాటా అడ్మినిస్ట్రేటివ్ సర్వీస్‌లో చేరారు. మధ్యలో నవీ ముంబై నగరాన్ని ప్లాన్ చేసిన సిడ్కోలో పనిచేశారు, తర్వాత టాటా ప్రెస్ నడిపారు. అచ్చు పనికి తోడుగా ఇంకో వ్యాపారం ఏదైనా చూద్దామని వెతుకుతున్నప్పుడే వాచీల ఆలోచన వచ్చింది. అప్పట్లో మన దేశంలో వాచీ అంటే హెచ్ఎంటీ, లేదంటే దొంగతనంగా దిగుమతైన విదేశీ సరుకు. ప్రైవేటు కంపెనీకి అనుమతులు అంత సులువుగా దొరికేవి కావు. తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కోతో చేతులు కలిపాకే దారి తెరుచుకుంది. అప్పుడు టిడ్కో వైపు నుంచి దీన్ని ముందుకు తోసిన ఐఏఎస్ అధికారి ఐరావతం మహదేవన్. సింధు లిపి మీద, తమిళ బ్రాహ్మీ శాసనాల మీద పనిచేసిన పండితుడాయన. 1984లో కంపెనీ పుట్టింది. టాటా ఇండస్ట్రీస్, తమిళనాడు పేర్ల ముందక్షరాలు కలిపి టైటాన్ అన్నారు. ఫ్యాక్టరీ హోసూరులో పెట్టారు. కృష్ణగిరి జిల్లాలోని ఈ ఊళ్లో తెలుగు బాగా వినిపిస్తుంది, జిల్లా సరిహద్దు దాటితే మన కుప్పం.

దేశాయ్ తీసుకున్న పెద్ద నిర్ణయం క్వార్ట్జ్. కీ ఇచ్చే వాచీలు దేశమంతా నడుస్తున్న రోజుల్లో, సెల్లుతో నడిచే వాచీలే చేస్తామని తేల్చేశారు. వాచీ సెల్లు పల్లెల్లో దొరకదు, జనం నమ్మరు అన్న మాటలకు తగ్గలేదు. దాంతోపాటు షోరూము కూడా మార్చేశారు. ఒక అద్దాల పెట్టెలో నలభై వాచీలు కుక్కి అమ్మే పద్ధతి పోయి, 1987లో బెంగళూరు సఫీనా ప్లాజాలో సొంత షోరూము వచ్చింది. వాచీని టైము చూసుకునే వస్తువుగా మాత్రమే కాకుండా బహుమతిగా, ముస్తాబులో భాగంగా అమ్మారు. అల్లుడికి వాచీ పెట్టడం మన పెళ్లిళ్లలో ముందునుంచీ ఉన్నదే. ఆ పెట్టుబోతల్లోకి టైటాన్ ఎంత త్వరగా దూరిందో ఆ కాలంలో పెళ్లయినవాళ్ల బీరువాలు చూస్తే తెలుస్తుంది.

ఆయన పట్టుదల ప్రతిసారీ ఫలించలేదు, ఆ మాట కూడా చెప్పుకోవాలి. 1990లలో యూరప్ మార్కెట్లోకి వెళ్లి కంపెనీ బాగా నష్టపోయింది. టైటాన్ నగల బ్రాండు తనిష్క్ మొదలుపెట్టినప్పుడు 18 క్యారెట్ల నగలు తెచ్చారు. 22 క్యారెట్లకు అలవాటుపడ్డ మన ఇళ్లలో వాటిని ముట్టుకున్నవాళ్లు తక్కువ. 22 క్యారెట్లకు మారి, బంగారం స్వచ్ఛత కొలిచే మిషన్లు షాపుల్లో పెట్టాక గానీ తనిష్క్ నిలదొక్కుకోలేదు. ఈ ఎదురుదెబ్బల నడుమే, 1990ల మధ్యలో, తన ఇంజనీర్లకు ఆయన ఇచ్చిన పని సన్నటి వాచీ. సన్నగా ఉంటే చాలదు, నీళ్లు కూడా తట్టుకోవాలన్నారు. కష్టమంతా ఆ రెండో షరతులోనే ఉంది.

ఎందుకో చూడండి. మొత్తం 3.5లో యంత్రానికి 1.15 పోతే మిగిలేది 2.35 మిల్లీమీటర్లు. అందులోనే వెనక మూత ఉండాలి, డయలు ఉండాలి, రెండు ముళ్లు ఒకదానికొకటి తగలకుండా తిరగాలి, ముల్లుకీ గాజుకీ మధ్య ఖాళీ ఉండాలి, పైన గాజు ఉండాలి. నీళ్లు ఆపే రబ్బరు రింగును నొక్కి పట్టుకోవాలంటే మూతకు కాస్త మందం కావాలి, టైము మార్చే కీ బొత్తాం లోపలికి వెళ్లే గొట్టం చుట్టూ కూడా ఇంకో రింగు కావాలి. మందం తగ్గే కొద్దీ మూత వంగుతుంది, మూత వంగితే రింగు మీద పట్టు సడలుతుంది. అప్పటికి కేవలం సన్నటి వాచీ కొత్తేమీ కాదు. 1979లోనే స్విట్జర్లాండ్‌లో కాంకర్డ్ డెలీరియం 2 మిల్లీమీటర్ల లోపు తయారైంది. వెనక మూతనే యంత్రానికి అడుగు పళ్లెంగా వాడి ఆ మందం సాధించారు. అది ఖరీదైన బంగారు వాచీ. ఎడ్జ్ రోజూ పెట్టుకునే వాచీ, చేతులు కడుక్కున్నా ఏమీ కాని వాచీ. కాబట్టి ‘ప్రపంచంలోకెల్లా సన్నటి వాచీ’ అని ఎవరైనా అమ్మబోతే అది పూర్తి మాట కాదని గుర్తుంచుకోండి. టైటాన్ చెప్పుకున్నది నీళ్లు తట్టుకునే వాటిలో సన్ననిది అని. తర్వాత 2016లో జపాన్ కంపెనీ సిటిజన్ 2.98 మిల్లీమీటర్ల వాచీ తెచ్చింది. అందువల్ల ఎడ్జ్ విలువ ఏమీ తగ్గలేదు. ఈ ధరలో, ఇంత సన్నగా, మన ఊళ్లలోనే సర్వీసు దొరికే వాచీ ఇంకోటి చూపించడం కష్టం.

వాడకం సంగతికి వద్దాం.

మొదటి ఎడ్జ్‌లో రెండే ముళ్లు. సెకన్ల ముల్లు లేదు, తేదీ లేదు. అవి పెడితే ముళ్ల కింద ఇంకో వరుస చక్రాలు రావాలి, మందం పెరుగుతుంది. చూపుకి ఇది అందం. టైము చూడగానే అర్థమవుతుంది, డయలు మీద చదవడానికి ఇంకేమీ ఉండదు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, వాచీ నడుస్తోందో ఆగిపోయిందో చూడగానే తెలియదు. చాలా క్వార్ట్జ్ వాచీల్లో సెల్లు అయిపోవచ్చినప్పుడు సెకన్ల ముల్లు రెండేసి, నాలుగేసి సెకన్లు గెంతి హెచ్చరిస్తుంది. ఇక్కడ ఆ హెచ్చరిక లేదు. పది నిమిషాలు వెనకబడిందంటే మొదట సెల్లునే అనుమానించాలి. సెల్లు మార్పించిన ప్రతిసారీ ఆ తేదీని వారంటీ కార్డు వెనక రాసిపెట్టుకోవడం మంచి అలవాటు. పరీక్షలకో, రైలుకో వెళ్లేముందు ఫోన్‌తో ఒకసారి సరిచూసుకోండి.

టైము పెట్టడంలోనూ చిన్న కిటుకు ఉంది. కీ బొత్తాం బయటికి లాగి నిమిషాల ముల్లును కావలసిన గీత దాటించి నాలుగైదు నిమిషాలు ముందుకు తిప్పండి. అక్కడినుంచి మెల్లగా వెనక్కి తెచ్చి గీత మీద ఆపండి. చక్రాల పళ్ల మధ్య ఉండే వదులు ఇలా సర్దుకుంటుంది. ఫోన్‌లో నిమిషం మారిన క్షణంలో బొత్తాం నొక్కేయండి. అలా పెడితే నెలకు పదిహేను సెకన్ల తేడాలో ఉంటుంది. మామూలు క్వార్ట్జ్ ఇచ్చే ఖచ్చితత్వం అదే. బొత్తాం చాలా చిన్నది, కేసు అంచుకి దాదాపు ఆనుకుని ఉంటుంది. గోళ్లు మరీ పొట్టిగా కత్తిరించుకునేవాళ్లకి లాగడం కష్టం. చాకుతో, పిన్నీసుతో లేపకండి, కేసు మీద గీత పడుతుంది, లోపలి కాడ వంగుతుంది. గోరు ఆనించి నిటారుగా లాగితే వస్తుంది.

ఆగిపోవడానికి సెల్లు కాకుండా ఇంకో కారణం అయస్కాంతం. క్వార్ట్జ్ వాచీలో చిన్న మోటారు ఉంటుంది. బలమైన అయస్కాంతం దగ్గరికొస్తే అది కదలడం మానేస్తుంది, దూరం తీస్తే మళ్లీ నడుస్తుంది. సెకన్ల ముల్లు లేనందువల్ల ఇది కంటపడదు. పొద్దున చూస్తే వాచీ ఏడు గంటలు వెనక ఉంటుంది. రాత్రి మూతకు అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు మీదో, బ్లూటూత్ స్పీకరు పక్కనో పెట్టారేమో చూసుకోండి. ఈ కారణంతో సర్వీసుకు తెచ్చే వాచీలకు నిజానికి రిపేరు అక్కర్లేదు.

వేడి కూడా దెబ్బతీస్తుంది. క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపించాలి. గది వేడికి, మణికట్టు వేడికి అది సరిగ్గా ఉండేలా చేస్తారు. అంతకన్నా బాగా వేడెక్కినా, బాగా చల్లబడినా నెమ్మదిస్తుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే టైము కాస్త తప్పడం ఒక్కటే నష్టం కాదు, సెల్లు కారే ప్రమాదం ఉంది, రబ్బరు రింగు గట్టిపడుతుంది.

ఇక నీళ్లు. వెనక మూత మీద 30 మీటర్లు అని ఉంటే 30 మీటర్ల లోతుకి దూకొచ్చని అర్థం కాదు. కదలకుండా ఉన్న వాచీ మీద 3 వాతావరణ పీడనాలతో చేసే పరీక్ష అది. చెయ్యి కడుక్కోవడం, వాన చినుకులు, చెమట ఫరవాలేదు. చెరువులో ఈత, షవరు, వేడి నీళ్ల స్నానం వద్దు. వేడి ఆవిరికి రింగు వదులై, సబ్బు నీరు దాని జారుడుతనాన్ని కడిగేసి, చల్లబడ్డాక లోపల తేమ మిగులుతుంది. గాజు లోపలివైపు మంచు పట్టినట్టు కనిపిస్తే వెంటనే సర్వీసు సెంటరుకి వెళ్లండి. బియ్యం డబ్బాలో పెట్టి ఊరుకోకండి. అంత సన్నటి యంత్రంలో తుప్పు పట్టడానికి ఒక్క చుక్క తేమ చాలు.

సెల్లు మార్పించడం ఈ వాచీకి అన్నిటికన్నా పెద్ద గండం. మామూలు వాచీ మూత ఊడదీసినట్టు దీన్ని ఊడదీస్తే పాడవుతుంది. బస్టాండు దగ్గర బల్ల మీద కత్తితో తెరిచేవాళ్ల చేతికి ఇవ్వకపోవడమే మేలు. వాళ్ల పనితనం తక్కువని కాదు. మందం వాచీ మీద పదేళ్లు చేసిన చెయ్యికి దీని మూత ఎంత తేలిగ్గా వంగుతుందో తెలియదు. మూత రవ్వంత వంగితే మళ్లీ సమంగా కూర్చోదు, రింగు ఒక వైపు నలుగుతుంది. లోపల పట్టకారు జారితే వెంట్రుక కన్నా సన్నటి తీగ చుట్ట తెగుతుంది, దాంతో యంత్రమే మార్చాల్సి వస్తుంది. సర్వీసు సెంటరులో మూడు విషయాలు అడిగి చేయించుకోండి. పాత సెల్లు మీదున్న నంబరే కొత్తదాని మీద ఉండాలి, అది 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ సెల్లు అయ్యుండాలి. రబ్బరు రింగు కొత్తది వేయాలి, లేదా కనీసం సిలికాన్ గ్రీజు రాయాలి. మూత బిగించాక నీటి పరీక్ష చేయాలి. మూడోది చాలామంది అడగరు, అడగకపోతే అన్నిచోట్లా చేయరు. అయిపోయిన సెల్లును వాచీలోనే వదిలేసి బీరువాలో పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. అది కారి సర్క్యూట్‌ను తినేస్తుంది. పెళ్లికి పెట్టిన వాచీలు ఎక్కువగా ఇలాగే పాడవుతాయి. కొన్ని నెలలు వాడరంటే బొత్తాం బయటికి లాగి ఉంచండి, సెల్లు వాడకం తగ్గుతుంది. ఏడాది దాటేట్టయితే సెల్లే తీయించేయండి.

గాజు గురించి. ఎడ్జ్‌లో చాలా మోడళ్లకు సఫైర్ (కృత్రిమ నీలమణి) గాజు ఉంటుంది, కొన్నిటికి మామూలు మినరల్ గాజు. లేబులు మీద చూసి కొనండి, ధరలో తేడా ఉన్నా సఫైరే తీసుకోండి. తాళాలు, నాణేలు దాని మీద గీత పెట్టలేవు. గ్రానైట్ గట్టుకి రాసుకున్నా మినరల్ గాజులా గీతలు పడదు. కానీ అంచు మీద గట్టి దెబ్బ తగిలితే సఫైర్ పెచ్చులూడుతుంది, తలుపు గొళ్లేనికి తగలకుండా చూసుకోవాలి.

మోడల్ ఎంచుకోవడంలో చాలామంది పొరబడేది ఒకచోట. డయలు మీద ఎడ్జ్ అని ఉన్న ప్రతి వాచీ 3.5 మిల్లీమీటర్లు ఉండదు. తర్వాత సెకన్ల ముల్లుతో, తేదీతో, సిరామిక్ కేసుతో రకరకాలు వచ్చాయి, వాటిలో మందం ఎక్కువ. షోరూములో మందం ఎంతో అడగండి, బల్ల మీద ఏటీఎం కార్డుల పక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. సన్నదనం కోసమే కొనేవాళ్లు రెండు ముళ్లదే తీసుకోవాలి. వెనక మూత మీద మోడల్ నంబరులో అంకెల తర్వాత వచ్చే అక్షరాలు గమనించండి. మొదటి అక్షరం కేసు రంగు, రెండోది పట్టీ. ఎస్ఎల్ అంటే స్టీలు కేసు, తోలు పట్టీ. ఎస్ఎం అంటే స్టీలు కేసు, స్టీలు చైను. వై ఉంటే పసుపు బంగారు పూత. వారంటీ కార్డు మీద రాసిన నంబరూ, మూత మీది నంబరూ ఒకటేనా అని అక్కడే సరిచూసుకుని, అమ్మిన తేదీ వేయించి, ముద్ర కొట్టించుకోండి.

పెళ్లి పెట్టుబోతలకి బంగారు రంగుదే కావాలంటారు. మన చెమటకి, ముఖ్యంగా విశాఖ నుంచి నెల్లూరు దాకా కోస్తాలో, పూత మొదట పోయేది కేసు అంచుల దగ్గర, చైను కొలికి దగ్గర. పోయాక మళ్లీ పూయించినా మొదటి నునుపు రాదు. రోజూ పెట్టుకునే అల్లుడైతే స్టీలు కేసు ఇవ్వడం మంచిది. స్టీలు మీద గీతలు పడ్డాయని పదేపదే పాలిష్ పట్టించొద్దు. ఇంత సన్నటి కేసులో అరిగిపోవడానికి లోహం మిగిలి ఉండదు, అంచులు గుండ్రంగా అయిపోయి వాచీ రూపమే మారుతుంది.

తోలు పట్టీనా, చైనా? ఈ వాచీకి తోలే. చైను వేస్తే చేతికి తెలియనంత తేలికదనం పోతుంది. తోలుకు మన వేసవి పడదు, రోజూ పెడితే ఏడాదిలో లోపలివైపు నల్లబడి వాసన వస్తుంది. రెండు పట్టీలు మార్చి మార్చి వాడండి, తీశాక గాలికి ఆరనివ్వండి. కొత్త పట్టీ కొనేటప్పుడు కేసు చెవుల మధ్య వెడల్పును స్కేలుతో కొలుచుకుని వెళ్లండి. వెడల్పు కలిస్తే చాలదు, మందం కూడా చూడాలి. బయట దొరికే పట్టీల్లో ఎక్కువ భాగం లోపల మెత్త పెట్టి ఉబ్బెత్తుగా కుట్టినవి. అవి కేసు కన్నా ఎత్తు లేస్తాయి, వాచీ రెండు దిళ్ల మధ్య పడుకున్నట్టు కనిపిస్తుంది. చెవుల దగ్గర పట్టీ మందం కేసు మందంలో సగానికి మించకూడదు. మెత్త లేని చదును తోలు అడిగి తీసుకోండి. పట్టీని పట్టుకునే స్ప్రింగు కడ్డీలు సన్నవి, పట్టీ మార్చినప్పుడల్లా వాటినీ మార్చేయండి, ఖర్చు ఎంతో కాదు. కడ్డీ విరిగి వాచీ నేల మీద పడితే అయ్యే నష్టంతో పోలిస్తే అది లెక్కలోది కాదు.

ఇదే డబ్బుకి ఆటోమేటిక్ వాచీ వస్తుంది కదా అంటారు కొందరు. వస్తుంది. అది మందంగా, బరువుగా ఉంటుంది, రోజుకు కొన్ని సెకన్లు తప్పుతుంది, కొన్నేళ్లకోసారి నూనె మార్పించాలి. లోపల చక్రాలు తిరగడం చూసి ఆనందించేవాళ్లు అదే తీసుకోవాలి. బండి మెకానిక్కులు, పొలం పనిచేసేవాళ్లు, వంటగదిలో గంటలు గంటలు ఉండేవాళ్లు ఎడ్జ్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. దెబ్బలకి, నూనెకి, ఆవిరికి నిలిచే వాచీ కాదిది. చీకట్లో వెలిగే పూత కూడా లేదు, రాత్రి డ్యూటీలకి పనికిరాదు. ఆఫీసులో, బడిలో, కోర్టులో పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాళ్లకి, టేబులు మీద మణికట్టు ఆనించి రోజంతా రాసేవాళ్లకి, టైపు చేసేవాళ్లకి ఇంతకన్నా హాయైన వాచీ దొరకదు.

ఎడ్జ్ అమ్మకానికి వచ్చిన 2002లోనే దేశాయ్ టైటాన్ నుంచి తప్పుకున్నారు. 1983లో ఈ వాచీ ప్రాజెక్టులో చేరిన భాస్కర్ భట్ ఆ పగ్గాలు అందుకుని 2019 దాకా నడిపారు. దేశాయ్ 2016లో బెంగళూరులో కన్నుమూశారు. మొదటి విడత ఎడ్జ్‌లు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి. అలాంటిది మీ బీరువాలో ఉంటే ముందు సెల్లు తీయించండి, లోపల పచ్చటి మరక ఉందేమో చూపించండి. మరక లేకపోతే కొత్త రింగు, కొత్త సెల్లు వేయించి, నీటి పరీక్ష చేయించుకుని చేతికి పెట్టుకోవచ్చు.